కడుక్కుని వస్తానన్న గాడిద

చాకిరేవు దాటి కాస్త కిందికి వెళితే, వాగు మలుపులో పచ్చటి గడ్డి చూపును లాగేస్తుంది. ఆ గడ్డి కింద ఊబి. రేవులో అందరికీ ఆ సంగతి తెలుసు, మన గాడిదకు తప్ప. పొద్దున్నే అది చాకలి సుంకన్న మూటలు నీళ్లపాలు చేసి, "ఇక నా బతుకు నాది" అంటూ పారిపోయి వచ్చింది. నాలుగు పరకలు నమిలేలోపే మోకాళ్లదాకా దిగబడింది.

గట్టు మీద కప్ప కంగారుపడిపోయింది. "మామా, ఓండ్ర పెట్టు! సుంకన్న రేవులోనే ఉన్నాడు."

"ఎందుకే? కాళ్లు చల్లబడతాయని నించున్నా, అంతే."

అంటూనే ముందుకాలు ఒకటి బలంగా పైకి లాగింది. వచ్చింది! మిగతా మూడూ జానెడు కిందికి పోయిన సంగతి మాత్రం చూసుకోలేదు.

పొదలో పడుకున్న నక్కకు తొందరేం లేదు. "భేష్ బావా! ఒక కాలు వచ్చాక మిగతావి రావూ? నీలాంటి కష్టజీవికి ఒకరి సాయమా! అయినా ఏ మొహం పెట్టుకుని పిలుస్తావు? ముందు బయటపడు, శుభ్రంగా కడుక్కో, అప్పుడు తలెత్తుకుని వెళ్దువుగాని."

ఈ సలహా గాడిదకు భలే నచ్చింది. ఈ కాలు లాగింది, ఆ కాలు లాగింది. బురద పొట్టకు తగిలింది.

"ఇంకెంత, అయిపోవచ్చింది!" అంది రొప్పుతూ.

"అవునవును, అయిపోవచ్చింది," అంది నక్క, మూతి నాక్కుంటూ.

ఆ నాలుక చూడగానే గాడిదకు అసలు సంగతి తెలిసొచ్చింది. తను ఎక్కడం లేదు, మునుగుతోంది! సిగ్గూ శరమూ వదిలేసి, వాగంతా మారుమోగేలా ఓండ్ర పెట్టింది.

సుంకన్న పరుగెత్తుకొచ్చాడు. చేతిలో కర్ర లేదు, తాడుంది. ఒక కొస చెట్టుకు కట్టి, రెండో కొస పట్టుకుని నడుములోతు బురదలోకి దిగేశాడు.

గాడిదకు ఏడుపొచ్చింది. "అయ్యా, ఆగు! నీ మూటలు పాడుచేశాను. ఒళ్లంతా బురద. కాస్త కడుక్కుని నేనే వస్తా."

సుంకన్న పకపకా నవ్వాడు. "మురికి వదిలించుకున్నాకే నా దగ్గరికి రావాలంటే నాకీ రేవెందుకురా? గింజుకోకుండా ఉండు. లాగేది నేను."

గింజుకోకుండా ఉండటమే గాడిదకు అన్నిటికన్నా కష్టమైంది. అయినా ఉంది. బయటపడింది.

ఆ రోజు రేవులో సుంకన్న బట్టలకన్నా ముందు గాడిదనే తోమాడు. ఆకలితో మిగిలిన నక్క, పోనీ ఆ కప్పనైనా తిందామని గట్టంతా వెతికింది. అది ఎప్పుడో నీళ్లలోకి దూకేసింది.

నీతి: తన కాళ్లే తనను గట్టెక్కిస్తాయని నమ్మినవాడు మునుగుతాడు, మొరపెట్టుకున్నవాణ్ణి దేవుని కృప బురదతోనే ఎత్తుకుంటుంది.