ఓబుళయ్య మిద్దె, పుల్లమ్మ ఎండ

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని కాలంలో, పెన్నగిరి అనే పట్నం ఉండేది. ఆ పట్నానికి ఒక రాజు, ఆ రాజుకు ఒక కోట, ఆ కోట వాకిలి నుంచి తిన్నగా దిగితే ఒక అంగళ్ల వీధి.

అబ్బో, ఆ వీధి అందమే అందం! అటు ముప్పై అంగళ్లు, ఇటు ముప్పై అంగళ్లు, అన్నీ చిన్నవే. ప్రతి అంగడి ముందూ ఒక అరుగు. మీరు అడిగిన సరుకు తన దగ్గర లేకపోతే, అంగడివాడు "లేదు పో" అనేవాడు కాదు. అరుగు దిగి, అది దొరికే అంగడి దాకా మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించి వచ్చేవాడు. ఆ వీధి మర్యాద అది.

ఆ వీధికి మూడు కట్టుబాట్లు ఉండేవి. రాజుగారి ముత్తాత పెట్టినవి. పందిరి మూడు మూరలు దాటి వీధిలోకి రాకూడదు. రెండు అంగళ్ల నడుమ గోడ పగలగొట్టి ఒకటి చేయకూడదు. అంగడి మీద మిద్దె లేపకూడదు. ఎందుకు పెట్టాడో ఆయన చెప్పలేదు. తీరిక లేదు కాబోలు, రాజులకు యుద్ధాలుంటాయి కదా!

ఏటా రథసప్తమి నాడు పొద్దున్నే వీధి పెద్ద కొలకర్ర పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచేవాడు. అంగడి అంగడికీ ఆగి, పందిరి కొలిచి, గోడలు చూసి, "సరిపోయింది!" అని కేక పెట్టేవాడు. అప్పుడు గడపకు బొట్టు పెట్టేవారు. ఆ బొట్టు లేని అంగడికి ఎవరూ బేరానికి వెళ్లేవారు కాదు.

మన కథ నాటికి ఆ వీధి పెద్ద ఓబుళయ్య. బట్టల వర్తకుడు. ఓబుళయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీరు ఆయన్ని తిట్టిపోస్తారు.

ఓబుళయ్య అంగడి వీధికి తూర్పు వైపు. సరిగ్గా దానికి ఎదురుగా, పడమటి వైపు, గాజుల పుల్లమ్మ అంగడి. ఆడవాళ్లు ఓబుళయ్య దగ్గర చీర కొనేవారు. ఆయన అరుగు దిగి, వాళ్లను వీధి దాటించి, "పుల్లమ్మా, ఈ తల్లికి జోడు గాజులు చూడు" అని అప్పగించేవాడు. పుల్లమ్మ చీర కొంగును పొద్దుటెండలో పరిచి, తాళ్లకు గుచ్చిన తన గాజుల మలారంలోంచి ఒక్కొక్క గాజూ తీసి ఎండకు ఎత్తి చూసేది. ఆమె ఏరిన గాజు చీరలోంచి రాలి పడిందా అన్నట్టు కలిసిపోయేది. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

ఒకసారి ఓబుళయ్య బావమరిది పొరుగూరి నుంచి వచ్చాడు. అక్కడ రెండంతస్తుల అంగడి కట్టాడట. అరుగు మీద నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏం బావా, ఇంకా ఈ పిట్టగూట్లోనే ఉన్నావా?" అని నవ్వాడు.

అంతే. ఆ నవ్వు ఓబుళయ్య చెవిలో జోరీగలా దూరింది. అన్నం తింటున్నా మిద్దే, పడుకున్నా మిద్దే. కానీ మిద్దె లేపకూడదని ఏటా వీధిలో చాటేది తనే కదా! ఎలా?

ఆ రోజుల్లోనే ఇత్తడి సామాన్ల వీరాచారి వచ్చి, "పెద్దయ్యా, వానజల్లుకు బిందెలు నల్లబడిపోతున్నాయి. పందిరి ఒక్క మూర ముందుకు జరుపుకుంటాను, చూసీచూడనట్టు పొండి" అన్నాడు.

అంతకు ముందైతే ఓబుళయ్య కొలకర్ర ఎత్తి వాణ్ణి వీధి చివరి దాకా తరిమేవాడు. ఆ రోజు మాత్రం, వీడికి ఈ మేలు చేస్తే రేపు నా మిద్దెకు నోరెత్తడు అనుకున్నాడు. రథసప్తమి వచ్చింది. బట్ట కొలిచేటప్పుడు బొటనవేలితో కొస జరిపే విద్య ఒకటి ఉంది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఓబుళయ్య దాన్ని ఒక్క మనిషి మీద కూడా వాడలేదు. ఆ పొద్దున వీధి మీద వాడాడు. వేలు జరిగింది, నాలుగు మూరలు మూడయ్యాయి.

"సరిపోయింది!" అని కేక పెట్టాడు.

మరుసటి ఏడు కిరాణా కామిశెట్టి వంతు. అతని పక్కన వత్తులు అమ్మే ముసలమ్మ అంగడి ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కామిశెట్టి ఆ అంగడి తీసుకుని నడిమి గోడ తీసేశాడు.

"గోడ దానంతటదే కూలింది, పెద్దయ్యా," అన్నాడు, చేతుల నిండా సున్నం పెట్టుకుని.

"కూలిన గోడను పగలగొట్టిన గోడ అనలేం కదా," అన్నాడు ఓబుళయ్య నేల చూపులు చూస్తూ. "సరిపోయింది!"

కామిశెట్టి అంగట్లో ఇప్పుడు అన్నీ దొరికేవి. వత్తులూ అక్కడే, పసుపూ అక్కడే. అరుగు దిగి ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లే పని లేకపోయింది అతనికి.

మూడో ఏడు ఓబుళయ్య మిద్దె లేచింది. నున్నటి సున్నం, చెక్కడపు కిటికీలు. ఎవరైనా అడ్డు చెబుతారేమోనని ఓబుళయ్య అటూ ఇటూ చూశాడు. వీరాచారి బిందె తోముకుంటూ కూర్చున్నాడు. కామిశెట్టి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. రథసప్తమి నాడు తన అంగడి ముందు తానే నిలబడి, తలెత్తి పైకి చూడకుండా, "సరిపోయింది" అన్నాడు ఓబుళయ్య. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి.

నెల తిరక్కముందే పుల్లమ్మ వీధి దాటి వచ్చింది.

"అన్నా, నా అరుగు మీద పొద్దుటెండ పడటం లేదు. మధ్యాహ్నం దాకా నీ మిద్దె నీడే. ఆ తర్వాత ఎండ నా ఇంటి వెనక్కి పోతుంది. నీడలో చిలకపచ్చా ఆకుపచ్చా ఒక్కలాగే ఉన్నాయి. ఏం చేయమంటావు?"

"ఎండ ఏమన్నా నా సొమ్మా పుల్లమ్మా, మూటగట్టి ఇవ్వడానికి?" అని నవ్వాడు ఓబుళయ్య.

పుల్లమ్మ నవ్వలేదు. కాసేపు ఆయన ముఖంలోకి చూసి వెళ్లిపోయింది. ఆ చూపుకు ఓబుళయ్యకు తల కొట్టేసినట్టయింది. పోనీ, పిలిచి తప్పు ఒప్పుకున్నాడా? లేదు. సిగ్గుపడ్డ మనిషి ఒక్కోసారి ఇంకా పెద్ద తప్పు చేస్తాడు, పిల్లలూ. వినండి.

మర్నాడు పెద్దింటి కోడలు కనకాంగి కోపంగా వచ్చింది. "చూడండి పెద్దయ్యా, మీ చీర ఒక రంగు, పుల్లమ్మ ఇచ్చిన గాజులు ఒక రంగు! ఇంటికెళ్లి వెలుగులో చూస్తే పొంతనే లేదు. ఎందుకిలా అయింది?"

ఎందుకో ఓబుళయ్యకు తెలుసు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నోట్లోంచి ఇంకొకటి దొర్లింది.

"పాపం, పుల్లమ్మకు చూపు మందగించిందమ్మా."

అలా ఇంకో ముగ్గురితో అన్నాడు. నలుగురితో అన్న మాట నాలుగు వందల ఇళ్లకు పోయింది. పుల్లమ్మ అరుగు వెలవెలబోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె మలారం ముందేసుకుని, పాత గుడ్డతో గాజులు తుడుస్తూ కూర్చునేది. ఓబుళయ్య అది చూడలేకపోయాడు. తను కూర్చునే పరుపును గోడ వైపు తిప్పేసుకుని, వీధికి వీపు పెట్టి వ్యాపారం చేశాడు. కొత్త మిద్దె ఎక్కడమే మానేశాడు. కిటికీ తెరిస్తే ఆమే కనబడేది మరి!

మళ్లీ రథసప్తమి వచ్చింది. ఈసారి రాజుగారే వీధికి వచ్చారు. ముత్తాత పెట్టిన కట్టుబాట్లను ఇన్నేళ్లు నిలబెట్టినందుకు వీధి పెద్దకు సన్మానమట! కట్టుబాట్లు ఉన్నాయని తెలుసు గానీ, అవేమిటో రాజుగారికి సరిగా గుర్తులేదు, అందుకే ఎదుట లేచిన మిద్దెను చూసీ తప్పు పట్టలేదు. వీధి సంగతి కోట దాకా ఎవరూ చేరవేయలేదు. ఎవరు చెబుతారు? తప్పులో తలా ఒక వాటా ఉందాయె.

రాజు పట్టు శాలువా ఓబుళయ్య భుజాల మీద కప్పాడు. "మా పెద్దల మాట కాపాడావు, ఓబుళయ్యా. నీవంటి వాడు ఊరికి ఒక్కడుంటే చాలు."

ఓబుళయ్య నిప్పు పడ్డట్టు ఉలిక్కిపడ్డాడు. ఎవరైనా తిడితే బాగుండును అనిపించింది. తిట్లయితే దులుపుకోవచ్చు, ఈ పొగడ్తను ఎక్కడ దులుపుకుంటాడు?

"మా అమ్మాయి పరికిణీకి గాజులు కావాలి. మీ వీధి మర్యాద ప్రకారం తీసుకెళ్లి అప్పగించు మరి," అన్నాడు రాజు నవ్వుతూ.

వీధి దాటడానికి పన్నెండు అడుగులు. ఓబుళయ్యకు అవి పన్నెండు కోసులయ్యాయి. నీడలో పుల్లమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

"ఈమెకు చూపు ఆనదని మా కోటలో ఆడవాళ్లు అంటున్నారే?" అన్నాడు రాజు.

"చూపు బాగానే ఉంది దొరా," అంది పుల్లమ్మ. "ఇక్కడ ఎండే లేదు."

ఆమె మలారం భుజాన వేసుకుని, వీధి చివర ఎండ ఉన్న చోటికి నడిచింది. రాజూ, ఓబుళయ్యా వెంట నడిచారు. రాజు పరికిణీ ఇచ్చాడు. మలారంలోంచి ఒక గాజు తీసి దాని మీద పెట్టింది. గాజెక్కడో గుడ్డెక్కడో తెలియలేదు. రాజు తన ఉత్తరీయం ఇచ్చాడు. దానికీ జోడు దొరికింది. రాజు ఆశ్చర్యపోయి చుట్టూ చూసి, ఓబుళయ్య భుజం మీది శాలువా తీసి ఇచ్చాడు. మూడు రంగులు కలిసిన నేత అది. పుల్లమ్మ దాన్ని ఎండకు ఎత్తి, రెప్ప వేయకుండా చూసి, మూడు గాజులు తీసి వరసగా పెట్టింది. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"ఇంత చూపున్న మనిషికి చూపు లేదని ఎవరన్నారు?" రాజు గొంతు గట్టిపడింది.

పుల్లమ్మ ఓబుళయ్య వైపు చూడనైనా లేదు. "ఊరు అంది దొరా. ఊరి నోరు ఎవరిదని చెప్పను?"

ఆమెకు తెలుసు. తెలిసీ పేరు చెప్పలేదు. అది చూసి ఓబుళయ్య సిగ్గుతో చితికిపోయాడు. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఇక తాను మనిషి కాడు అనుకున్నాడు.

"నేనన్నాను, ప్రభూ."

ఓబుళయ్య వెక్కుతూ మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. వీరాచారి పందిరి కొలిచేటప్పుడు బొటనవేలు జరిపిన సంగతి, కామిశెట్టి గోడ, తన మిద్దె, దాని నీడ, ఆ నీడను కప్పిపుచ్చడానికి ఆడిన అబద్ధం. "ఈమె ఎండ నేను తీసుకున్నాను. తీసుకుని, కళ్లు ఈమెకే లేవన్నాను."

అప్పుడు అర్థమైంది రాజుకు, ముత్తాత ఆ కట్టుబాట్లు ఎందుకు పెట్టాడో. వీధిలో ఎండా, దారీ, బేరమూ అందరికీ సమానంగా అందాలని.

"పందిరి కోయండి. గోడ కట్టండి. మిద్దె దించండి," అన్నాడు. "ఇక నువ్వు ఓబుళయ్యా, ఆ మాట ఎవరెవరితో అన్నావో వాళ్ల ఇళ్లకు వెళ్లి, అబద్ధమని నీ నోటితో చెప్పిరా."

"నేను నలుగురితోనే అన్నాను ప్రభూ. అది ఎన్ని ఇళ్లకు పోయిందో నాకు తెలియదు."

"అయితే ఊరంతా తిరుగు."

మర్నాటి నుంచి ఓబుళయ్య గడప గడపా ఎక్కాడు. కొందరు నవ్వారు. కొందరు తలుపు వేసేశారు. పెద్దింటి కోడలు కనకాంగి మాత్రం అంతా విని మెల్లగా అంది: "మీ మాట నమ్మి మా ఆడపడుచు పెళ్లికి గాజులు వేరే ఊరి నుంచి తెప్పించాం. మా ఇంట్లో నాలుగు తరాల పెళ్లికూతుళ్లకు పుల్లమ్మ వాళ్లే గాజులు తొడిగారు. పిల్ల అత్తారింటికి వెళ్లిపోయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పెద్దయ్యా?"

ఓబుళయ్య ఆమెకు దణ్ణం పెట్టాడు. తల వంచుకుని తర్వాతి ఇంటికి నడిచాడు.

మిద్దె చివరి వరస ఇటుకలు దించిన పొద్దున పుల్లమ్మ అరుగు మీద ఎండ పడింది. ఓబుళయ్య వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. ఇంటింటా చెప్పిన మాటే ఆమెకూ చెప్పాడు.

"నీ చూపు బాగానే ఉంది, పుల్లమ్మా. ఎండ తీసుకున్నది నేను."

పుల్లమ్మ చేతిలోని గాజును ఎండకు ఎత్తి చూస్తూ అడిగింది. "ఇంకా ఎన్ని ఇళ్లున్నాయన్నా?"

"పడమటి పేట మొత్తం ఉంది."

"అయితే బయల్దేరు. పొద్దెక్కుతోంది."

ఓబుళయ్య బయల్దేరాడు.

కాబట్టి పిల్లలూ, నలుగురి మేలు కోసం పెట్టిన కట్టుబాటును కాపాడే పని ఎవరి చేతికి వస్తుందో, వాళ్లు దాన్ని అందరికన్నా ముందు తమ గడప దగ్గరే కాపాడాలి.