చూడకుండా వచ్చిన చోటు

భీమిలిలో ఉపనిషత్తులు చెప్పే అనంతరామయ్యగారికి ఎవరేం అడిగినా వెంటనే జవాబిచ్చే అలవాటు లేదు. ఆయన శిష్యురాలు పద్మాక్షి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. వేసవి సెలవుల్లో ఒక్కతే అండమాన్ వెళ్తూ, "మీరు వెళ్ళొచ్చారు కదండీ, అక్కడ తప్పకుండా చూడవలసిందేమిటి?" అని అడిగింది. ఆయన ముప్పయ్యేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పారు.

అప్పుడాయన మరో పదిమందితో కలిసి అక్కడొక చిన్న ద్వీపం చూడటానికి వెళ్ళారు. దాలినాయుడనే పడవవాడు వాళ్ళను తిప్పాడు. అడుగున అద్దమున్న పడవలోంచి పగడపు దిబ్బలు చూపించాడు. నోట గొట్టం పెట్టించి చేపల మధ్య ఈదించాడు. లాంతరు పట్టుకుని సున్నపురాతి గుహలోకి తీసుకెళ్ళాడు. అందరితోనూ వచ్చీరాని హిందీలోనే మాట్లాడాడు. మధ్యాహ్నం కొబ్బరిబోండాం అందిస్తుంటే అనంతరామయ్యగారు "లేతగా ఉందే" అని పైకే అనుకున్నారు. ఆ మాట వినగానే అతను చేతిలో కత్తి కింద పెట్టేశాడు.

"తెలుగోరా బాబూ? మాది బారువ కాడ. మా ఇంటిది పోయి రెండు నెల్లయినాది. ఆ సరుగుడు తోపు ఎనకాలే పూడ్చినాం. దాని భాస తెలిసినోళ్ళు నాను తప్ప ఈ దీవిలో ఎవుల్లేరు. ఒక్కపాలొచ్చి దాన్ని పేరెట్టి పిలండి బాబూ, సాలు."

తోపు దగ్గరే. కానీ పడమటి కొండ మీద సూర్యాస్తమయం చూడటం ఇంకా మిగిలి ఉంది, తోటివాళ్ళు అప్పుడే దారి పట్టారు. "వచ్చేటప్పుడు చూద్దాంలే," అని ఆయనా కొండెక్కారు. ఆకాశం నిండా రంగులు. బాగుందని చెప్పుకోవడానికి పక్కన తనవాళ్ళెవరూ లేరు. దిగి వచ్చేసరికి పడవ సిద్ధంగా ఉంది. దాలినాయుడు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు, ఆయననూ ఎక్కించాడు. "అడుగు సూసుకోండి బాబూ" అన్నాడే తప్ప ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడాది అనంతరామయ్యగారు ఆ ఒక్క పని కోసమే మళ్ళీ వెళ్ళారు. దాలినాయుడు ఎటో వెళ్ళిపోయాడన్నారు, ఎటో ఎవరికీ తెలియదు. సరుగుడు తోపు వెనక ఏడు సమాధి దిబ్బలున్నాయి. దేనిమీదా గుర్తు లేదు. ప్రతి దాని దగ్గరా నిలబడ్డారు. పిలుద్దామంటే ఆవిడ పేరేమిటో ఆ రోజు అడగనేలేదు.

పద్మాక్షి, "అయితే ఏం చూడాలో చెప్పలేదు గురువుగారూ" అంది.

"నేను చూడలేదు కదమ్మా, ఎలా చెప్పను?" అన్నారాయన.