ఆపకూడని కారులో పెళ్ళిచూపులు

తేటగుంటలో గంపలవారి ఇల్లు ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు కూడా. తమ తెలివి చూసి ఓర్వలేకే ఊరు అలా నవ్వుతోందని గంపలవారి నమ్మకం. ఇంటి పెద్ద చిట్టెమ్మ. ఆవిడకి ఇద్దరు కొడుకులు, సింహాద్రీ, లోవరాజూ. "లోకం ఎందుకు పాడైపోతందో తెలుసా? ఒకళ్ళు ఒకటి చెప్తే, వినేవోళ్ళు ఇంకోటి చేత్తారు. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేత్తాం" అని ఆవిడ వీధరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది.

అందులో అబద్ధమేమీ లేదు. పంచాయతీ కుళాయి దగ్గర "వరసలో నిలబడండి" అని రాసి ఉంటుంది. ఓ రోజు సింహాద్రి వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు. వరస కావాలంటే ముందు ఇంకొకళ్ళు ఉండాలి కదా. బిందె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్ళు వచ్చాయి, పోయాయి. సింహాద్రి ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, ఇవాళ కుళాయి దగ్గర బుద్ధున్నవాడు ఒక్కడూ లేడమ్మా అన్నాడు.

అలాంటి ఇంట్లోకి ఓ కారొచ్చింది. కాకినాడలో పాత కార్లు అమ్మేవాడు అంటగట్టిన హైబ్రిడ్ కారు. అది పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది, ఒకటి లాగుతుంటే రెండోది ఊరుకుంటుంది అని వాడు చెబితే, జోడెడ్ల బండన్నమాట అని చిట్టెమ్మ మెచ్చుకుంది. అప్పటికే మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. అంత తిరిగిందంటే దారులన్నీ దానికే తెలుసుంటాయి, సింహాద్రి ఊరికే పట్టుకుని కూర్చుంటే చాలు అని కూడా అంది.

ఇక సింహాద్రి సంగతి. పాపం, వాడికి పెళ్ళి కుదరడం లేదు. మనసు మంచిది, చెయ్యి కష్టం ఎరిగినది, అయినా వచ్చిన సంబంధమల్లా జారిపోతోంది. కిందటిసారి పెళ్ళికూతురి నాన్న "మొహమాటపడకండి బాబూ, మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. అంతే. సింహాద్రి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, వాళ్ళ మంచం వాల్చుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఈసారి వచ్చిన సంబంధం కత్తిపూడి అప్పలస్వామి గారి అమ్మాయి రత్నం. ఆర్టీసీ బస్సులో కండక్టరు. ఓసారి ఆ బస్సులో ఆవిడ "లోపలికి జరగండి, జరగండి" అంటే, సింహాద్రి ఒక్కడే జరిగాడు. జరిగి జరిగి డ్రైవరు పక్కన ఇంజను మీద దాకా వెళ్ళి, ఇంక చోటులేక అద్దానికి అతుక్కున్నాడు. చెప్పగానే జరిగిన ప్రయాణికుణ్ణి రత్నం తన ఉద్యోగంలో చూడటం అదే మొదలు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూశాక సింహాద్రికి అన్నం సహించలేదు. ఈ పిల్ల కాకపోతే ఇంకెవరూ వద్దని తల్లి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అప్పలస్వామి గారు మాత్రం ఖచ్చితంగా చెప్పేశారు. బుధవారం పొద్దున్నే రావాలి, రాకపోతే మధ్యాహ్నం పెద్దాపురం వాళ్ళు వస్తున్నారు, వాళ్ళకి మాటిచ్చేస్తానన్నారు.

ఆ బుధవారమే కారుకి వణుకొచ్చింది.

గంధం రాసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని సింహాద్రి కారు స్టార్టు చేశాడు. కదలక ముందే బండి గడగడ వణికింది. తలుపులు టకటకలాడాయి. అద్దంలో సింహాద్రి మొహం నాలుగైనట్టు కనబడింది. కార్లు బాగుచేసే ఖాసిం మేస్త్రికి ఫోను చేశారు. ఆయన పిఠాపురంలో బామ్మర్ది పెళ్ళిలో ఉన్నాడు. వెనక బ్యాండుమేళం మోగిపోతోంది.

"ఒణుకెక్కడ పుడుతుందో చెయ్యేసి చూడండి" అని అరిచాడు మేస్త్రి.

లోవరాజు బానెట్టు మీద చెయ్యేశాడు. చెయ్యి వణికింది. సింహాద్రి కంగారుగా తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు. భుజం వణుకుతోంది. చిట్టెమ్మ సింహాద్రి వీపు మీద చెయ్యేసింది. వీపూ వణుకుతోంది.

"మేస్త్రిగారూ, కారుకొచ్చింది తమ్ముడికి అంటుకుంది. తమ్ముడి నుంచి నాకు, నా నుంచి అమ్మకి. అంటువ్యాధండి" అన్నాడు సింహాద్రి.

"ముందందరూ చేతులు తియ్యండెహె."

తీశారు. అందరికీ ఒక్కసారే నయమైపోయింది. చూశావా, ఫోనులోనే కుదిర్చేశాడు, ఈయనది హస్తవాసి అంటే అని చిట్టెమ్మ ఫోనుకి దణ్ణం పెట్టింది. కారు మాత్రం వణుకుతూనే ఉంది.

"కదలకుండా నిలబడి, ఏం వినబడుతుందో చెప్పండి" అన్నాడు మేస్త్రి.

ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే, హైబ్రిడ్ కదా, ఇంజను దానంతటది ఊరుకుంది. ఇప్పుడు వినబడుతున్నది పక్కింటి కుక్కరు ఒక్కటే.

"విజిలండి" అన్నాడు లోవరాజు.

"విజిలా? సన్నగానా, గట్టిగానా?"

"మొదట సన్నగా వచ్చిందండి. తరవాత గట్టిగా. పప్పు వాసన కూడా వత్తందండి."

మేళం హోరులో మేస్త్రికి పప్పు సంగతి వినబడలేదు. "అయితే గాలి లీకే. ఎక్కడో రబ్బరు పైపు చిట్లింది. సబ్బునీళ్ళు చల్లి చూడండి, బుడగలెక్కడుంటే జబ్బు అక్కడున్నట్టు" అన్నాడు.

ఇంకేముంది. చిట్టెమ్మ గంగాళం నిండా సబ్బునీళ్ళు కలిపింది. బానెట్టు తెరవమని మేస్త్రి చెప్పలేదు కాబట్టి తెరవలేదు. పైకప్పు మీద నుంచి చక్రాల దాకా గుమ్మరించారు. కారంతా బుడగలే. వాకిట్లో బుడగలు, తులసికోట మీద బుడగలు, సింహాద్రి కొత్త చొక్కా మీద బుడగలు. జబ్బు ఇంతగా ముదిరిపోయిందని వాళ్ళు ఊహించలేదు. ఇల్లంతా పాకిందండి అని లోవరాజు ఫోనులో ఏడుపు గొంతుతో చెప్పాడు.

మేస్త్రికి అటు నిఖా వేళ దగ్గరపడుతోంది. "ఒరేయ్ బాబూ, నడిచేటప్పుడు ఒణుకుతుందా, నిలబడితేనేనా?"

"నిలబడితేనేనండి."

"అయితే ఆపకుండా వెళ్ళిపోండి. నేను మధ్యాన్నానికి మీ ఇంటికొచ్చి చూత్తాను. ఒక్కటి గుర్తెట్టుకోండి, వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ ఉంటాది. దాని మీద మాత్రం చేతులెయ్యకండి, ప్రాణాలు పోతాయి."

అంతే. లోవరాజు ముందు ఎక్కాడు. చిట్టెమ్మ వెనక ఎక్కి, పొరపాటున కూడా చేతులు కిందకి రాకుండా రెండూ పైకెత్తి, కప్పుకి ఆనించి కూర్చుంది. కారు కదిలింది. వణుకు పోయింది.

దారంతా జనం చిట్టెమ్మని చూశారు. ఎవరో అమ్మవారు పూని దీవిస్తోందని ఇద్దరు ఆడవాళ్ళు దణ్ణం పెట్టారు. ఎదురొచ్చిన ఆటోవాడైతే దోపిడీ అనుకుని కంగారుపడి తనూ చేతులెత్తేశాడు. ఆటో మెల్లిగా వెళ్ళి కొబ్బరిబోండాల బండిని ముద్దు పెట్టుకుంది. బోండాలు రోడ్డంతా దొర్లాయి. ఎంత మర్యాదస్తులో ఈ వైపు జనం అని చిట్టెమ్మ కొడుకులతో అంది.

అప్పలస్వామి గారి ఇల్లు కొబ్బరితోట నడుమ ఉంది. ఇంటి చుట్టూ బండి తిరిగేంత దారి ఉంది. ఆయన కండువా సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "రండి రండి" అన్నారు. కారు ఆయన ముందు నుంచి వెళ్ళిపోయింది. ఇంటి వెనక నుంచి తిరిగొచ్చింది.

"వచ్చామండి" అన్నాడు సింహాద్రి, మళ్ళీ వెళ్ళిపోతూ.

"దిగరేంటి?" అని ఆయన అడిగారు. జవాబు తరవాతి చుట్టులో వచ్చింది. "ఆపకూడదండి."

ఆయన పెద్దమనిషి. ఇంటికొచ్చిన వాళ్ళకి మర్యాద చెయ్యాలి కదా. ఒక చుట్టులో పకోడీల పళ్ళెం కిటికీలోంచి అందించారు, మరో చుట్టులో ఖాళీ పళ్ళెం తీసుకున్నారు. కాఫీ గ్లాసులు పట్టుకుని కారు పక్కన పరుగెత్తారు. చేతులు దించకూడని చిట్టెమ్మ నోట్లో లోవరాజే పకోడీలు కుక్కాడు. పంచె కాలికి అడ్డంపడి అప్పలస్వామి గారికి ఆయాసం వచ్చింది. అమ్మాయిని తీసుకొస్తానుండండి అని లోపలికి వెళ్ళారు.

అమ్మాయి లోపల లేదు. రత్నం పెరట్లో జామచెట్టు కింద నిలబడి ఈ తిరుగుడంతా చూస్తోంది. కండక్టరు కదా, కదిలే బండి ఎక్కడం ఆవిడకి కొత్త కాదు. కారు అటు రాగానే వెనక తలుపు తెరిచి, ఒక్క ఊపులో ఎక్కి, "లోపలికి జరగండత్తయ్యగారూ" అంది. చిట్టెమ్మ చేతులెత్తే జరిగింది.

"ఎందుకండీ ఇలా తిరుగుతున్నారు?"

సింహాద్రి అంతా చెప్పాడు. మేస్త్రి, అంటువ్యాధి, పప్పు వాసన, బుడగలు, ఒక్కటీ దాచలేదు. రత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది. రోజంతా గొంతు చించుకున్నా ఒక్కరూ మాట వినని బస్సులో బతికే పిల్ల. ఎవరేది చెప్పినా ప్రాణం పెట్టి వినే ఈ ముగ్గురూ ఆవిడకి తెగ నచ్చేశారు.

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అంది.

"లేదండి. వీళ్ళ కంటే నేను కాస్త నయమండి" అన్నాడు సింహాద్రి సిగ్గుపడుతూ.

ఈలోగా అప్పలస్వామి గారు బయటికొచ్చారు. కూతురు కనబడక ఒక బాధ, కారుని చూసి చూసి కళ్ళు తిరిగి, అందులో ఎవరున్నారో ఆనక ఒక బాధ. స్తంభం పట్టుకుని, "సరే బాబూ, ఏ సంగతీ ఇంటికెళ్ళి కబురు చెయ్యండి" అన్నారు. పెళ్ళిచూపుల్లో ఎవరైనా అనేదే ఆ మాట.

చెప్పింది చెప్పినట్టు చేసే వంశం. సింహాద్రి చక్రం తిప్పాడు. కారు గేటు దాటి తేటగుంట దారి పట్టింది.

"నేను దిగాలండి" అంది రత్నం.

"ఆపకూడదండి" అన్నారు ముగ్గురూ.

రత్నం ఫోను ఇంట్లోనే వదిలేసొచ్చింది. నాన్న బెంగపడతారేమో అనుకుంది. ఎలాగూ చెయ్యాల్సిన కాపురం, ఇల్లు చూసినట్టూ ఉంటుంది, వెళ్ళగానే ఫోను చెయ్యొచ్చు అనుకుని కుదురుగా కూర్చుంది.

తేటగుంటలో ఖాసిం మేస్త్రి వాకిట్లో కాచుకుని ఉన్నాడు. ఆపొద్దన్నవాడే అడ్డం నిలబడి ఆపమన్నాడు కాబట్టి ఆపారు. కారు గడగడ వణికింది. ఆయన బానెట్టు ఎత్తాడు. లోపల ఓ సన్నని రబ్బరు గొట్టం, మూడు లక్షల కిలోమీటర్ల వేడికి ఎండి, చివర చిట్లి ఉంది. ఆ పగుల్లోంచి దొంగగాలి లోపలికి దూరి ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతోంది. ముక్క కోసి కొత్త గొట్టం తొడగ్గానే వణుకు తగ్గి, కారు బుద్ధిగా నిలబడింది.

"విజిలు విని భలే కనిపెట్టారయ్యా. నాకే అంత చెవి లేదు" అని మేస్త్రి మెచ్చుకుని, భోజనాల వేళవుతోందని బండెక్కి పోయాడు.

"ఆ కుక్కరుకి తెలిసినంత ఇంజను పని ఈ జిల్లాలో ఎవరికీ తెలీదు" అంది చిట్టెమ్మ, బతుకుజీవుడా అని చేతులు దించుతూ.

ఇంక కబురు చెయ్యాలి. రత్నం ఫోను అడిగేలోపే లోవరాజు అప్పలస్వామి గారికి కలిపాడు. "మా అన్నయ్యకి అమ్మాయి నచ్చిందండి" అన్నాడు. అటునుంచి ఏదో విని మొహం మాడ్చుకుని, ఫోను కట్టేశాడు.

"అన్నయ్యా, ఈ సంబంధం మనకొద్దు. పెళ్ళికూతురు కనబడటం లేదంట. ఊరంతా ఎతుకుతున్నారంట. ఎవరితోనో కారెక్కి పోయుంటదని జనం అనుకుంటన్నారంట."

సింహాద్రి అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. ఎంతో ఆశపెట్టుకున్నాడు మరి.

"నేనిక్కడే ఉన్నాను కదండీ, రత్నాన్ని నేనే" అంది రత్నం.

"ఊరుకోమ్మా" అంది చిట్టెమ్మ. "పెద్దమనిషి, కన్నతండ్రి, కనబడటం లేదని నోరారా చెప్పాడు. నువ్వేమో ఎదురుగుండా కనబడతన్నావు. నువ్వెలాగవుతావు?"

ఆ మాటకి సింహాద్రి కళ్ళు తుడుచుకుని తలెత్తాడు. రత్నాన్ని ఎగాదిగా చూశాడు. అదే నవ్వు మొహం, అదే గొంతు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, మరి మీకు సంబంధాలు చూత్తన్నారాండి?"

"చూస్తున్నారండి" అంది రత్నం.

"ఇల్లెక్కడమ్మా?" అని చిట్టెమ్మ ఆత్రంగా అడిగింది.

"కత్తిపూడండి. కొబ్బరితోట నడుమ."

ఇంకేముంది. చిట్టెమ్మ లోపలికి పరుగెత్తి పూలూ పళ్ళూ పట్టుకొచ్చింది. లోవరాజు కారెక్కాడు. సింహాద్రి సబ్బు మరకల చొక్కా మార్చుకుని, మళ్ళీ గంధం రాసుకుని స్టార్టు చేశాడు. కారు ఒక్క పిసరు వణకలేదు. గేటు దాటబోతూ చిట్టెమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, వాకిట్లో ఒంటరిగా నిలబడ్డ రత్నానికి తాళంచెవి విసిరింది.

"ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా. మీ ఇంటికెళ్ళి, నిన్ను చూసుకుని వచ్చేత్తాం."