సుత్తులు మూగబోయిన వీధి

అనగనగనగా, ఏటికి అవతల ఒక ఊళ్ళో, కంచర్ల వీధి ఒకటి ఉండేది. కాళ్ళు ముడుచుకో బుజ్జమ్మా, ఇది నవ్వే కథ కాదు. ముందే చెబుతున్నా.

ఆ వీధిలో ఇంటింటా కంచు కరిగించి, కంచాలూ, చెంబులూ, గంటలూ చేసేవాళ్ళు. తెల్లారితే చాలు, సుత్తుల మోత. చుట్టాలొస్తే ఒక్కపూట ఉండలేక పారిపోయేవాళ్ళు. ఆ వీధివాళ్ళకేమో ఆ మోత లేకపోతే కూడు సయించదు, కునుకు పట్టదు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరింట్లోనన్నా మనిషి పోతే పదకొండు రోజులు ఒక్క సుత్తీ లేవకూడదు. పోయినవాళ్ళు ఆ పదకొండు రోజుల్లోనూ ఒకసారి గుమ్మం దాకా వచ్చి, అయినవాళ్ళకి కడసారి ఓ మాట చెప్పి వెళతారట. ఆ మాట మోతలో కలిసిపోకూడదు కదా. అందుకని.

ఆ వీధిలోనే బ్రహ్మాజీ అనే కంచరి, అతని పెళ్ళాం నాంచారమ్మ. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది ముత్యాలు, ఆరేళ్ళది. రెండోవాడు ఇంకా చంటివాడు. ఆ ఏడు వానల్లో ముత్యాలుకి జ్వరమొచ్చింది. మూడోరోజుకి మాట పడిపోయింది. అయిదోరోజుకి పిల్ల పోయింది. అంతేనమ్మా. పోయింది.

అప్పుడు సుత్తులు ఆగిపోయాయి. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుంది, పిల్ల చెప్పే మాట కోసం. పదకొండు రోజులు అయిపోయాయి. మాటా లేదు, మన్నూ లేదు. పన్నెండోనాడు ఎవరో సుత్తి ఎత్తబోతే నాంచారమ్మ వీధిలోకి పరిగెత్తింది. "ఆగండి బాబూ! నా పిల్ల ఇంకా చెప్పలేదు!" అంది.

ఆ మొహం చూసి సుత్తి ఎత్తడానికి ఎవడికి చేతులొస్తాయి? సరే, ఇవాళ కాకపోతే రేపు అనుకున్నారు. రేపు రేపంటూ రెండు నెలలైంది. జాలిపడ్డారు పాపం, మంచివాళ్ళే. ఒక్కోసారి మంచితనమే కొంప ముంచుతుంది.

ఆ తర్వాత వీధి వీధంతా పాడైపోయింది. చప్పుడు లేక ఎవరికీ నిద్రల్లేవు. మోతలో అణిగి ఉన్న దిగుళ్ళన్నీ ఒక్కొక్కటే పైకి లేచాయి. అన్నదమ్ములు చీటికీ మాటికీ కొట్టుకున్నారు. అత్తాకోడళ్ళ సంగతి ఇక అడక్కు.

నాంచారమ్మ మాత్రం చంటివాణ్ణి ముట్టుకోవడమే మానేసింది. వాడు ఏడిస్తే "ష్! అక్క పిలిస్తే వినపడదు" అనేది. తల్లి పాలకి మొహం వాచి, గుడ్డపీలికతో పట్టిన మేకపాలు వంటికి పడక, వాడు పుల్లలా అయిపోయాడు. చివరికి ఏడవడానికీ ఓపిక లేదు. ఇంకో వారమైతే వాడూ దక్కడని ఆ వీధిలో అందరికీ తెలుసు.

అప్పుడు బ్రహ్మాజీ పెళ్ళాం కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడు. ఆమె "ష్" అంది. పుట్టింటివాళ్ళొచ్చి ఏడ్చారు. "ష్" అంది. వైద్యుడొచ్చి మందు వేళ్ళు నూరి పోశాడు. అది ఉమ్మేసి, మళ్ళీ "ష్" అంది.

ఆ వీధిలో పేరంటాలమ్మని ఒక ముసలావిడ ఉండేది. నాంచారమ్మకి పెద్దత్త వరస. కళ్ళు ఆనవు గానీ, చెవులు మాత్రం పాముచెవులు. ఎవరు ఏ గిన్నె చేసినా ఆవిడ ఒళ్ళో పెట్టాల్సిందే. వేలితో మీటి, మోత ఆఖరిదాకా విని, వెంట్రుకంత బీట ఉన్నా "దీన్ని కరిగించు నాయనా" అనేది. ఎంత మొనగాడైనా నోరెత్తకుండా కరిగించేవాడు.

ఆవిడ ఒకనాడు దీపాలవేళ వచ్చి, నాంచారమ్మ పక్కన కూలబడింది. సుత్తి ఎత్తకూడదన్నారు గానీ గొంతెత్తకూడదని ఎవరన్నారు? నువ్వు కథకి ఊ కొడతావు చూడు, అలా నోరు మూసుకుని 'ఊఁ...' అని మోత పట్టింది. నాంచారమ్మ ఆవిణ్ణి ఒక్క తోపు తోసింది. ముసలావిడ లేచి, చీర దులుపుకుని, ఇంటికి పోయింది.

రెండోనాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని తెచ్చింది. నాంచారమ్మ చెవులు మూసుకుంది.

మూడోనాడు వీధి వీధంతా వచ్చింది. గుమ్మం ముందు అందరూ నేలమీద కూర్చుని మోత పట్టారు. ఒకరికి ఊపిరి అయిపోతే పక్కవారు అందుకునేవారు, మోత తెగకుండా. అట్లా ఎంతసేపున్నారో! బిగుసుకుపోయిన భుజాలు జారాయి. మొహాలు చూసుకోని అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు వాలారు. గుండెలో గోల ఆగితే ఎంత హాయిగా ఉంటుందో వాళ్ళకి రెండు నెలల తర్వాత తెలిసింది.

నాంచారమ్మ మాత్రం జుట్టు పీక్కుంది. "నోళ్ళు ముయ్యండి! మీ గోలలో నా పిల్ల మాట వినపడదు!" అని అరిచింది.

అప్పుడు పేరంటాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది చెప్పలేదే తల్లీ. రెండు నెలలుగా నేనూ చెవొగ్గి ఉన్నాను. నా చెవికి అందనిది ఈ వీధిలో ఏముంది? ఏమీ చెప్పలేదు. మా ఆయన, మీ పెద్దమావ, పోయినప్పుడూ నాకేం వినపడలా. విన్నానని అందరికీ అబద్ధం చెప్పాను" అంది.

 అప్పుడు ఒక మూలనుంచి ఎవరో, "మా అమ్మ మాట నాకూ వినపడలేదు" అన్నారు. ఇంకో మూలనుంచి "నాకూ అంతే" అన్నారు. ఎన్ని తరాలుగా దాచుకున్నారో చూడు, ఎవరికి వారే, తనొక్కరికే వినపడలేదనుకుని!

నాంచారమ్మ భోరుమంది. రెండు నెలల ఏడుపూ ఒక్కసారి ఏడ్చింది. వాళ్ళు మళ్ళీ మోత పట్టారు. ఆ ఏడుపు మెల్లమెల్లగా సన్నబడి, సన్నబడి, ఆ మోతలోకే దిగింది. ఆమె గొంతు కలిశాక వాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. పేరంటాలమ్మా ఆపేసింది. చివరికి నాంచారమ్మ గొంతొక్కటే మిగిలింది. పట్టుకుంది, పట్టుకుంది, ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకుంది. అప్పుడు తనే వదిలేసింది.

ఏ చప్పుడూ లేదు. ఆమె వీధి చివరిదాకా ఒక్కసారి చూసింది. ఎవరూ పిలవలేదు. అప్పుడు గుమ్మంనుంచి లేచి, వీధికి వీపు పెట్టి, మొగుడితో, "వాణ్ణి ఇలా తే. ఆకలేస్తుంటుంది" అంది.

కథ కంచికి సాగింది, కంటి నీరు ఆగింది,
మనం ఇంట్లో ఉన్నాము, మాటలు చాలించాము.