తోడేలుకు చోటు

పిల్లలూ, అనగనగా ఒక అడవి ఉండేది. దాని అంచున ఒక కాపరి ముళ్లకంపతో దొడ్డి కట్టుకున్నాడు. రోజూ సాయంత్రం దొడ్డి వాకిట నిలబడి ప్రతి గొర్రెనూ పేరు పెట్టి పిలిచేవాడు. తల నిమిరి లోపలికి పంపేవాడు.

బొల్లి అనే గొర్రె ఆయన గొంగడి పక్కనే పడుకునేది. పోయిన వానాకాలం దాని పిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. అప్పటినుంచి ఆ గొంగడి అంచుకు మూతి ఆనిస్తేగాని బొల్లికి నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు కాపరి ఒక తోడేలును భుజాన వేసుకొచ్చాడు. ఉచ్చులో పడి దాని కాలు విరిగింది. దాన్ని గొంగడి మీద పడుకోబెట్టి, "బొల్లీ, కాస్త జరుగమ్మా. వీడికి చోటివ్వు" అన్నాడు.

"అయ్యా, నా పిల్లను తిన్నది వీడే" అంది బొల్లి.

"నాకు తెలుసు" అన్నాడు కాపరి.

బొల్లి లేచింది. దొడ్డి దాటి పక్కనున్న గుట్టెక్కింది.

గుట్ట మీద కుందేలు కనబడింది. సంగతి విని, "మీ అయ్య అలా అంటాడా అక్కా? తోడేలును కట్టేయడానికి తెచ్చి ఉంటాడు, చోటివ్వమన్నది ఏ కుక్కకో అయి ఉంటుంది. నువ్వే సరిగ్గా వినలేదు" అంది.

బొల్లికి ఆ మాట హాయిగా ఉంది. కానీ సాయంత్రం కింద నుంచి "బొల్లీ" అన్న పిలుపు వినబడింది. ఆ గొంతును తాను ఎన్నడూ తప్పుగా వినలేదు. హాయి పోయింది.

తర్వాత నక్క వచ్చింది.

"ఎందుకు వదినా ఈ బాధ? అవతలి లోయలో ఇంకో కాపరి ఉన్నాడు. ఎవరికి ఏది నచ్చుతుందో అదే చెబుతాడు."

"నా పేరు తెలుసా ఆయనకు?"

"పేరుదేముంది, చెబితే తెలుస్తుంది."

బొల్లి కదల్లేదు. గుట్ట మీద గడ్డికి కరువు లేదు. అయినా పొద్దు వాలితే మేత మానేసి, దొడ్డి మీద లేచే పొగ వైపు చూస్తూ నిలబడేది.

చివరికి దొడ్డిలోని ముసలి మేకపోతు గుట్ట ఎక్కి వచ్చింది.

"ఏమే, ఇక్కడి గడ్డి అంత తీపా?"

"మామా, అయ్య మాట మార్చుకున్నాడా?"

"లేదు. తోడేలు అక్కడే ఉంది."

"నన్ను పిలవడం మానేశాడా?"

"అదీ లేదు. నువ్వొస్తావని వాకిలికి కంప అడ్డం పెట్టడు. ఆ సందులో తనే మంచులో పడుకుంటున్నాడు. ఆయన దగ్గు వినలేక చస్తున్నాం."

బొల్లి గుట్ట దిగింది.

కాపరి దాని తల నిమిరాడు. ఆ చేతి మీద పాత మచ్చ ఒకటి ఉంది. బొల్లి పిల్లను తోడేలు నోట్లోంచి లాగబోయినప్పటిది. దాని పక్కనే పచ్చి గాయం.

"ఇదేంటయ్యా?"

"ఉచ్చు విప్పుతుంటే కరిచాడు."

బొల్లి ఆ చేతిని వాసన చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత వెళ్లి గొంగడి పక్కన పడుకుంది. తోడేలు తల ఎత్తలేదు.

"ఆ రోజు నేను..." అంది తోడేలు.

"మాట్లాడకు. నాకింకా మండుతూనే ఉంది."

కాసేపటికి బొల్లే అంది, "వణుకుతున్నావు. ఇటు జరుగు."

అప్పుడు కాపరి లేచి, వాకిలికి కంప అడ్డం పెట్టాడు.

నీతి: ప్రభువు మాట మనకు నొప్పి పుట్టించినా దాన్ని మనకు నచ్చినట్టు మార్చి చెప్పుకోకూడదు. మాట మార్చని ఆ నోరే మనల్ని పేరు పెట్టి పిలుస్తోంది.