రాజుగారి అడవి అరుగు

మల్లెకొండ రాజు కుమారభూపతికి ఓ పొద్దున్నే పల్లెటూరి మీదికి గాలి మళ్లింది. మనకి గాలి మళ్లితే ఓ పూటకి పోతుంది. రాజులకి మళ్లితే కట్టడాలు లేస్తాయి.

"అడవిలో మన కర్రల విడిది ఉంది కదా, దాని ముందు అచ్చం పల్లెటూరి అరుగు కావాలి. సాయంత్రంపూట కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటాను. మోటుగా, హాయిగా ఉండాలి!" అన్నాడు.

పని ఆస్థాన స్థపతి విరించాచార్యుల మీద పడింది. ఆయన మహా గొప్పవాడు. ఆ మాట రోజూ ఆయనే చెబుతుంటాడు.

అంతటివాడు మట్టి ముట్టుకుంటాడా? పాలరాయి తెప్పించి అరుగూ స్తంభాలూ కట్టించి, పైన మట్టిరంగు వేయించాడు. తాటాకు పందిరికి బదులు, తాటాకుల్లా కత్తిరించిన పట్టుగుడ్డ కప్పించాడు. పేడ అయితే కంపు కొడుతుందని, చందనంలో ఆకుపసరు కలిపి అలికించాడు. ఇక చూసుకోండి, రాజూ పరివారమూ విడిదికి తరలివచ్చి ఆహా ఓహో అన్నారు.

కొలువులో నవ్వించడమే పనిగా ఉన్న తిప్పన్న మాత్రం చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ వెతికాడు.

"అరుగు చూద్దామని వచ్చాను ఆచార్యా, ఎక్కడా కనపడదేం?"

విరించాచార్యులికి ఒళ్లు మండింది. "ఇది అరుగు కాదూ? రుజువు చెయ్! చెయ్యలేకపోతే నీ మీసం గొరిగిస్తా!"

తిప్పన్న చెయ్యి చప్పున మీసం మీదికి పోయింది. ఇంట్లో భార్య మాట చెల్లుతుంది, కొలువులో రాజు మాట చెల్లుతుంది. తను చెప్పినట్టు తిరిగేది లోకంలో ఆ మీసం ఒక్కటే. అయినా నోరు ఊరుకుంటుందా?

"నేనెందుకు రుజువు చెయ్యడం? ఇది అరుగు కాదని రేపు పొద్దుగూకేలోగా మీ నోటితోనే అనిపిస్తాను."

రాజు సై అన్నాడు.

మర్నాడు తిప్పన్న రాజు చెవిలో చెప్పాడు. "ప్రభూ, పల్లె సుఖం పూర్తిగా కావాలంటే కిరీటం లోపల పడేయండి. తలకి నువ్వులనూనె కారేట్టు పట్టించి, భుజాన ముతక తువ్వాలేసుకుని, చల్లబడ్డాక వచ్చి స్తంభానికి జారబడండి."

రాజు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు.

సాయంత్రం తిప్పన్న బురదకాళ్లతో అరుగెక్కి చతికిలబడ్డాడు. చెరుకుముక్క నమిలి పిప్పి అక్కడే ఊశాడు. విరించాచార్యులు పళ్లు కొరుకుతూ పైపంచెతో తుడిచాడు. మళ్లీ ఊశాడు. మళ్లీ తుడిచాడు. నోరు జారితే పందెం పోతుందని తెలుసుగా, కిక్కురుమనలేదు.

పొద్దు కొండ మీదికి వాలింది. అవతల మంగలి కత్తి నూరుతున్నాడు. తిప్పన్నకి నోట్లో చెరుకు కూడా చప్పబడింది. ఈ రాజు ఇంకా నూనె రాసుకుంటూనే ఉన్నాడా, నిద్రపోయాడా తల్లీ!

అప్పుడు వచ్చాడు రాజు. చప్పుడు కాకుండా వచ్చి, అటు తిరిగి కూర్చుని, "హమ్మయ్య!" అంటూ తల స్తంభానికి ఆనించాడు.

వంగి పిప్పి తుడుస్తున్న విరించాచార్యులు ఆ నిట్టూర్పుకి తలతిప్పాడు. ఎవడో ముతక తువ్వాలువాడు. వాడి తలలోంచి నూనె ధారగా తన పాలరాతి స్తంభం మీదికి కారుతోంది! ఇందాకట్నించీ బిగబట్టిన కోపం కట్టలు తెంచుకుంది.

"ఒరేయ్ జిడ్డుమొహమా! ఇదేమన్నా మీ ఊరి అరుగనుకున్నావురా, వచ్చి జారబడ్డానికి!"

జిడ్డుమొహం మెల్లగా ఇటు తిరిగింది.

పరివారం బిక్కచచ్చిపోయింది. విరించాచార్యులి చేతిలోంచి పైపంచె జారిపోయింది. తిప్పన్న లేచి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"విన్నారుగా ప్రభూ, ఇది అరుగు కాదట! జిడ్డుమొహం సంగతంటారా, అది నేను అనిపించలేదు. ఆచార్యులవారు కొసరు వేశారు."

ఒక్క క్షణం రాజు కళ్లు ఎర్రబడ్డాయి. మరుక్షణం పకపకా నవ్వాడు చూడండి, భుజాన ఉన్న ఒక్క తువ్వాలూ జారి కిందపడింది! దాంతో అందరూ పొట్టలు పట్టుకున్నారు.

"ఆచార్యా, రేపు ఈ రాళ్లు పీకించు. నీ కాళ్లతోనే మట్టి తొక్కి, నీ చేత్తోనే పేడ అలికి, అసలైన అరుగు కట్టు!" అంటూ రాజు తన చేతి కంకణం తీసి తిప్పన్నకి తొడగబోయాడు. నూనెచేతులు కదా, రెండుసార్లు జారింది.

తిప్పన్న మాత్రం చెయ్యి ఇవ్వడం మరిచిపోయి, రెండు చేతులా మీసం తిప్పుతూనే ఉన్నాడు.