పోప్లార్ తోపు బేరం

అమెరికాకీ మెక్సికోకీ నడుమ పారే ఓ నదికి ఉత్తరపు ఒడ్డున బీవర్లుండేవి. పళ్లతో చెట్లు కొరికి, వాగులకు అడ్డుకట్టలు కట్టుకుని, బెరడూ లేత కొమ్మలూ తిని బతికే జీవులవి. ఒక వేసవిలో కార్చిచ్చు రేగి వాటి చెట్లన్నీ బూడిదైపోయాయి. చలికాలం ముంచుకొస్తోంది. నలభై ఇళ్లలో తిండి లేదు.

దక్షిణపు ఒడ్డున గాడిదల మందకి, బీవర్లు ఇష్టంగా తినే పోప్లార్ చెట్ల పెద్ద తోపు ఉంది. బేరం కుదుర్చుకు రమ్మని హార్లన్ అనే బీవరుని పంపారు. హార్లన్ మాటంటే మాట, టైమంటే టైము. షరతులన్నీ బెరడు ముక్క మీద గీసుకుని నది ఈదాడు.

మందకి పెద్ద దిక్కు ముసలి గాడిద ఎల్పీదియా. అక్కడి పద్ధతిలో అందరూ ఆమెను గౌరవంగా 'దోన్యా' అంటారు.

"దోన్యా, పన్నెండు చెట్లు ఇవ్వండి. బదులుగా మీ పొలానికి వరద రాకుండా గట్టు కడతాం. ఒప్పుకున్నట్టు ఇక్కడ మీ పంటిగాటు పెడితే సరి," అన్నాడు హార్లన్, ఒళ్లు ఆరకముందే.

"పెట్టొచ్చులే నాయనా. ముందు కూర్చో, రెండు మొక్కజొన్న పొత్తులు తిను. మీ అమ్మ కులాసాగా ఉందా? పిల్లలెంతమంది?"

హార్లన్‌కి అనుమానమొచ్చింది. 'నా పిల్లల సంగతి ఈవిడకెందుకు? మా ఇళ్లల్లో ఆకలెంతుందో కూపీ లాగి, బేరం బిగించడానికే!'

"అంతా బాగానే ఉన్నారు," అని మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు వెళితే, "ఇవాళ మా చెల్లెలి మనవడికి పేరు పెడుతున్నాం. నువ్వూ భోజనానికి ఉండాలి," అంది. హార్లన్ ఓ మూల కూర్చుని సూర్యుణ్ణి చూస్తూ పొద్దంతా గడిపాడు. మూడో రోజు ఎల్పీదియా తన తమ్ముళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని, అతన్ని తోపంతా తిప్పింది.

"ఈ తోపు మా నాన్న నాటింది. అదిగో, ఆ వరస ముదిరిపోయింది. నీడా లేదు, చిగురూ లేదు."

"ఇంతకీ ఇస్తారా, ఇవ్వరా?"

"రేపు మాట్లాడుకుందాం."

'మంచు పడేదాకా తిప్పించుకుని, అప్పుడు మెడ మీద కాలు పెడతారు,' అనుకున్నాడు హార్లన్.

తిరిగొస్తుంటే దారిలో నికాసియో ఎదురయ్యాడు. రెండు ఒడ్ల పద్ధతులూ తెలిసిన నక్క అతను.

"మూడు రోజులు తిప్పారా? ఇంకో నెల తిప్పుతారు," అన్నాడు. "నాకు విందులూ పలకరింపులూ చేతకావు. తోపులో తూర్పు సగం నాది. ఎన్ని చెట్లు?"

"పన్నెండు."

"ఇరవై కొట్టుకో. బదులుగా ఎగువన వాగుకి అడ్డుకట్ట కట్టు. పది రోజుల్లో అవుతుందా?"

"ఎనిమిది చాలు."

"గాటెక్కడ పెట్టాలి?"

హార్లన్ ప్రాణం లేచొచ్చింది. 'పని తెలిసినవాడంటే వీడూ!' తూర్పు సగం ఎవరిదని ఇంకెవర్నీ అడగలేదు.

ఎనిమిది రోజుల్లో కట్ట లేచింది. తొమ్మిదో రోజు తనవాళ్లతో తోపుకొచ్చి హార్లన్ మొదటి చెట్టుకి పన్ను ఆనించేసరికి, గాడిదలన్నీ చుట్టుముట్టాయి. దాహంతో నాలుకలు పిడచకట్టి ఉన్నాయి.

"నది ఒడ్డు నిటారు, మేం దిగలేం. మాకున్న ఒక్క వాగుకి అడ్డం కట్టింది నువ్వేనా?" అంది ఎల్పీదియా.

హార్లన్ బెరడు ముక్క చూపించాడు. "నికాసియో గాటుంది చూడండి. ఈ సగం తనదన్నాడు."

"వాడికి ఇక్కడ తోక ఆన్చేంత జాగా కూడా లేదు. మాలో ఎవర్నడిగినా చెప్పేవాళ్లం."

"మీరేదీ తిన్నగా చెప్పరుగా! రేపు, రేపు అంటూ తిప్పారు!"

"తిప్పానా? ఆ ముదిరిన వరస ఎందుకు చూపించాననుకున్నావు? అవి నీకివ్వడానికే. నువ్వెలాంటివాడివో తెలియకుండా మా నాన్న తోపులోకి నీ పళ్లని ఎలా రానిస్తాం? పిల్లల మాటెత్తితే మొహం తిప్పుకున్నావు. ఏదో దాస్తున్నావని మావాళ్లకీ అనుమానమే. నేనే సర్దిచెప్పాను. నాలుగో రోజు అందరం కూడి నీకోసం చూశాం. నువ్వే రాలేదు."

 హార్లన్ వాగు దగ్గరికి పరిగెత్తాడు. నికాసియో లేడు. కట్టకి దిగువన ఎండిన మడుగుల్లో, వాడు తిని పారేసిన చేపముళ్లు మాత్రం గుట్టలుగా ఉన్నాయి.

తను కట్టిన కట్టని తన పళ్లతోనే మూడు రోజులు పీకాడు. నీళ్లు దిగువకి మళ్లాయి. అప్పటికే మందలో రెండు పిల్లలు దాహంతో నేలకూలి, ఇంకా లేవలేదు.

"ఈ ఏడాది ఒక్క చెట్టూ ఇవ్వనంటున్నారు మావాళ్లు. ఈసారి నేను కూడా సర్దిచెప్పలేను," అంది ఎల్పీదియా. "గాలికి విరిగిన కొమ్మలుంటే ఏరుకెళ్లు."

అవి పదిహేను ఇళ్లకి సరిపోతాయి. నది అంచున మంచు పేరుకుంటోంది. మిగతా పాతిక ఇళ్లకీ ఏం చెప్పాలో తెలియక, కొమ్మల మోపు నోట కరుచుకుని హార్లన్ చాలాసేపు నీళ్లలోకి దిగలేదు.

తెలియని పద్ధతిలో మోసాన్ని వెతికేవాడికి, తన పద్ధతిలో వచ్చిన మోసం కనబడదు.